ఒడి, బెల్టు, బూస్టరు - ఓ చిన్న సీటు చరిత్ర

పోయిన నెలలో మా అక్క డాలస్ నుంచి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఈసారి వచ్చేటప్పుడు వీడి కారు సీటు మొయ్యడం నా వల్ల కాదు. మడత పెట్టేవి, గాలి కొట్టేవి ఏవో బూస్టర్లున్నాయిట. ఒకటి చూసి చెప్పు" అంది. మామూలుగా ఐతే ఐదు నిముషాల్లో వెతికి, స్టార్లు ఎక్కువున్నదాని లింకు పంపేసి చేతులు దులుపుకునేవాణ్ణే. కానీ పోయినసారి వాళ్ళొచ్చినప్పుడు జరిగింది గుర్తొచ్చి ఆగాను.

రెండేళ్ళ క్రితం సంగతి. శంషాబాదులో దిగి అద్దె కారులో బెజవాడ వెళ్తున్నాం. మా మేనల్లుడు వెనక సీట్లో అమ్మ ఒళ్ళో నిద్రపోతున్నాడు. సూర్యాపేట దాటాక గేదె అడ్డొచ్చింది, డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. గుద్దుకోలేదు, ఏమీ లేదు. ఉత్త బ్రేకే. వాడు మాత్రం అమ్మ చేతుల్లోంచి జారి ముందు సీటుకి కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది, రెండు కుట్లు పడ్డాయి. ఆ రోజంతా అమ్మ ఒకటే మాట: "రెండు చేతులతో పట్టుకునే ఉన్నానురా." నిజం. పట్టుకునే ఉంది. నేను పక్కనే ఉన్నాను.

అందుకే ఈసారి కాస్త లోతుగా చదివాను. సీటు వెతుకుదామని మొదలుపెట్టి దాని చరిత్రలో పడ్డాను. అందులో నాకు తెలిసిందేంటంటే, చేతులు చాలవు అన్న ముక్క అర్థం కావడానికి మా అమ్మకే కాదు, కార్లు కనిపెట్టిన దేశాలకే చాలా ఏళ్ళు పట్టింది.

మొదట్లో పిల్లల సీటుకీ భద్రతకీ సంబంధమే లేదు. 1930లలో అమెరికాలో బన్నీ బేర్ అనే కంపెనీ పిల్లల కోసం కారు సీట్లు అమ్మింది. వాటి పని పిల్లాణ్ణి కాస్త ఎత్తు మీద కూచోబెట్టడం, అంతే. వాడికి కిటికీలోంచి బయట కనపడాలి, అమ్మానాన్నలకి వాడు కనపడాలి, అటూ ఇటూ పాకకుండా ఓ చోట పడుండాలి. తరవాత ఇరవై ముప్ఫై ఏళ్ళు వచ్చినవీ దాదాపు అవే. ఇనప కమ్మీ ఫ్రేము, సీటు వీపుకి తగిలించే కొక్కేలు, కొన్నిటికి ముందు ఆడుకోడానికి బొమ్మ స్టీరింగు! యాక్సిడెంటు ఐతే ఆ కొక్కెం పట్టి ఉంచేది ఏమీ లేదు, సీటుతో సహా పిల్లాడు ఎగరడం తప్ప. మనవాళ్ళు స్కూటరు ముందు బిగించే బుల్లి సీటు చూశారు కదా, ఆలోచన అదే.

ఇక బెల్టు. 1959లో వోల్వోలో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు ఇప్పుడు మనం వాడే మూడు బిందువుల బెల్టు తెచ్చాడు. అంతకు ముందు ఆయన సాబ్ కంపెనీలో యుద్ధవిమానాల్లో పైలట్‌ని బయటికి విసిరేసే ఎజెక్షన్ సీట్ల మీద పని చేసేవాడు. విసిరేసే విద్య తెలిసినవాడే కట్టిపడేసే విద్య కనిపెట్టాడన్నమాట :) వోల్వో ఆ పేటెంటుని మిగతా కంపెనీలన్నీ వాడుకునేలా వదిలేసింది. ఓపెన్ సోర్స్ గురించి మాట్లాడుకునే మనబోటి వాళ్ళు ఒకసారి దణ్ణం పెట్టుకోవాల్సిన సంగతి.

ఐతే ఈ బెల్టు పెద్దవాళ్ళ కోసం చేసింది. దాని కిటుకంతా అది ఒంటి మీద ఎక్కడ ఆనుతుంది అన్నదాంట్లో ఉంది. కింది పట్టీ కటి ఎముక మీద, పై పట్టీ భుజం, రొమ్ము ఎముకల మీద ఆనాలి. అంటే దెబ్బని గట్టి ఎముకలు తీసుకోవాలి, మెత్తటి పొట్ట కాదు. నాలుగైదేళ్ళ పిల్లాడికి ఇదే బెల్టు పెడితే ఏమౌతుంది? వాడి కాళ్ళు సీటు అంచు దాకా రావు. మోకాళ్ళు మడవడానికి కుదరక ముందుకి జారి కూచుంటాడు. వాడి కటి ఎముక ఇంకా చిన్నది, బెల్టుని పట్టి ఉంచేంతగా ఎదగలేదు. దాంతో కింది పట్టీ పొట్ట మీదకి, పై పట్టీ మెడ మీదకి వస్తాయి. మెడకి ఒరుసుకుంటోందని వాడు దాన్ని చంక కిందకి తోసేస్తాడు. గుద్దుకున్నప్పుడు బెల్టు కింద నుంచి ఒళ్ళు జారిపోతుంది, పట్టీ పేగుల్నీ వెన్నునీ నొక్కేస్తుంది. ఈ జారడాన్ని సబ్‌మరైనింగ్ అంటారు. ఇలాంటి గాయాలకి డాక్టర్లు 'సీట్ బెల్ట్ సిండ్రోమ్' అని పేరు పెట్టింది 1962లోనే.

అదే 1962లో బ్రిటన్‌లో జీన్ ఏమ్స్, అమెరికాలో లెనార్డ్ రివ్‌కిన్ విడివిడిగా, నిజంగా భద్రత కోసమే పిల్లల సీట్లు రూపొందించారు. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే డాక్టరు ఇంకో దారిలో ఆలోచించాడు. జెమినై అంతరిక్ష నౌకలో వ్యోమగాములు వెల్లకిలా పడుకుని, వేగం తాలూకు బలమంతా వీపు మీద పంచుకోడం చూసి, పసిపిల్లల్ని కారులో వెనక్కి తిప్పి కూచోబెడితే? అనుకున్నాడు. 1964లో వోల్వో కారులో ఆ నమూనా పరీక్షించారు. ఇవాళ పసివాళ్ళని వెనక్కి తిప్పి కూచోబెట్టడం అన్నది అక్కణ్ణుంచి వచ్చిందే.

ఆ సీట్లు దాటిపోయిన పిల్లల కోసం 1970ల చివర్లో వోల్వోయే బూస్టర్ దిండు తెచ్చింది. చూడ్డానికి బన్నీ బేర్ సీటు లాంటిదే, ఎత్తు మీద కూచోబెడుతుంది. కానీ ఉద్దేశం పూర్తిగా వేరు. పిల్లాడికి బయట కనపడ్డానికి కాదు, బెల్టు సరైన ఎముకల మీద పడటానికి. ఇది పిల్లాణ్ణి పట్టుకోదు. పట్టుకునేది బెల్టే. మన భాషలో చెప్పాలంటే బూస్టర్ అన్నది ఒక అడాప్టరు. పెద్దవాళ్ళ కొలతకి చేసిన ఇంటర్‌ఫేస్‌కి చిన్నపిల్లాణ్ణి కలుపుతుంది. ఈ ఒక్క వాక్యం బుర్రకెక్కితే సీటు ఎంచుకోడం సగం తేలిక.

ఇక చట్టాల సంగతికొస్తే, నన్ను బాగా కదిలించిన కథ ఇక్కడే ఉంది.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. ఆయన పట్టుబట్టి తిరిగి తిరిగి, 1977లో అక్కడి శాసనసభ చేత నాలుగేళ్ళ లోపు పిల్లలకి కారులో సీటు తప్పనిసరి అని చట్టం చేయించాడు. 1978 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. ప్రపంచంలో ఇలాంటి చట్టాల్లో మొదటి వాటిల్లో ఒకటి. కానీ సభ్యులు అందులో ఒక మినహాయింపు పెట్టారు: పెద్దవాళ్ళ చేతుల్లో పిల్ల ఉంటే సీటు అక్కర్లేదు.

అంటే మా అమ్మ ఒడి! సరిగ్గా అదే.

తల్లి చేతుల కంటే భద్రమైంది ఇంకేముంటుంది అన్నది వాళ్ళ నమ్మకం కూడా. శాండర్స్‌ అసలు భయమే అది. ఓ చిన్న లెక్క చూడండి. గంటకి 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. గుద్దుకుని సెకనులో పదోవంతులో కారు ఆగిందనుకుందాం. భూమ్యాకర్షణకి 14 రెట్లు. మా మేనల్లుడిప్పుడు 19 కిలోలు. ఆ క్షణంలో అమ్మ చేతులు ఆపాల్సింది 266 కిలోల బరువు. పాతిక కిలోల బియ్యం బస్తాలు పది, ఒక్కసారిగా. ఎవరి వల్ల ఔతుంది? పైగా అమ్మకి కూడా బెల్టు లేకపోతే ఆవిడ బరువు కూడా వాడి మీదే పడుతుంది. ఆ మినహాయింపు తీసేయించే దాకా శాండర్స్ ఊరుకోలేదు. 1981లో తీసేశారు. 1985కల్లా అమెరికా 50 రాష్ట్రాల్లోనూ పిల్లల సీటు చట్టాలొచ్చాయి.

ఇంకో విడ్డూరం. అమెరికా పిల్లల సీట్లకి మొదటి ప్రమాణం 1971లో పెట్టింది. కానీ సీటులో బొమ్మని కూచోబెట్టి నిజంగా గుద్ది చూడాలి అన్న నిబంధన 1981లో గానీ రాలేదు. పదేళ్ళు టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్లో నడిచిందన్నమాట. మనం మాత్రం శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేసి తిట్లు తింటాం :(

ఐతే ఈ చట్టాలన్నీ ఎక్కువగా బుజ్జిపిల్లల చుట్టూనే తిరిగాయి. నాలుగు నిండగానే పిల్లాడు ఒక్క రోజులో పెద్దాడైపోయినట్టు పెద్ద బెల్టు కిందకి వచ్చేసేవాడు. 1996లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ప్రమాదంలో పెద్దవాళ్ళ బెల్టు పెట్టుకున్న నాలుగేళ్ళ పిల్లాడు కారులోంచి ఎగిరిపడి చనిపోయాడు. వాళ్ళమ్మ ఆ దుఃఖంతోనే పోరాడింది. 2000లో ఆ రాష్ట్రం బూస్టర్ చట్టం చేసింది, 2002 డిసెంబర్లో ఆ పిల్లాడి పేరు మీద 'ఆంటన్స్ లా' దేశం మొత్తానికి వచ్చింది. వెనక సీటు మధ్యలో కూడా భుజం పట్టీ ఉన్న బెల్టు ఉండాలన్న నియమం దాని చలవే. మర్నాడు సంవత్సరమే, 2003లో, ఫిలడెల్ఫియా పరిశోధకులు లెక్కలు తేల్చారు. నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకి ఉత్త బెల్టు కంటే బూస్టర్‌తో గాయాల ముప్పు 59 శాతం తక్కువ. 2009లో మళ్ళీ, ఈసారి ఎనిమిదేళ్ళ దాకా చూస్తే 45 శాతం. వీపు ఉన్న బూస్టర్‌కీ, వీపు లేనిదానికీ అందులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ప్రయాణాలకి తేలిక సీటు వెతికేవాళ్ళకి ఇది మంచి కబురే.

అలా బూస్టర్ తప్పనిసరైంది గానీ, ప్రయాణంలో మోసేదెవరు? గాలి కొట్టే బూస్టర్ ఇక్కణ్ణుంచే పుట్టింది. ఉత్తర ఐర్లండుకి చెందిన గ్రాన్యా కెలీ అనే తల్లి, అద్దె కార్లలో పిల్లల సీటు కోసం పడ్డ తిప్పలతో 'బబుల్‌బమ్' తయారు చేసింది. గాలి తీసేస్తే చుట్టి సంచీలో పెట్టుకోవచ్చు. అమెరికాలో బూస్టర్లకి రేటింగులిచ్చే ఐఐహెచ్ఎస్ సంస్థ 2011లో దాన్ని 'బెస్ట్ బెట్' జాబితాలో పెట్టింది. బొమ్మలా ఉంది కదా అని నేను నవ్వుకున్నాను గానీ, బెల్టు ఎక్కడ ఆనుతోందన్నదే వాళ్ళ కొలబద్ద. తరవాత 2015లో ఇజ్రాయెల్‌లో జాన్ సమ్‌రాయ్ 'మైఫోల్డ్' తెచ్చాడు. ఆయన సమస్యని తిరగేశాడు: పిల్లాణ్ణి పైకెత్తడం బదులు బెల్టునే కిందకి లాగి పట్టి ఉంచితే? అని.

ఐతే ప్రభుత్వాలన్నీ ఒక్క మాట మీద లేవు. డాలస్‌లో ఎనిమిదేళ్ళ లోపు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల లోపు పిల్లలకి బూస్టరో, సీటో ఉండాలి. బ్రిటన్ మాత్రం 2017 నుంచి కొత్త మోడల్ వీపు లేని బూస్టర్లని 125 సెంటీమీటర్లు, 22 కిలోలు దాటిన పిల్లలకే పరిమితం చేసింది. మా వాడిది 112 సెంటీమీటర్లు. అక్కడ సరే, ఇక్కడ కాదు!

మరి మన దగ్గర? 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 194బి సెక్షన్ ఉంది. 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో పిల్లల భద్రతకి విడిగా స్టార్లు కూడా ఇస్తున్నారు. కాగితం మీద బానే ఉన్నాం. కానీ మనం ఎక్కే అద్దె కారు తలుపు తీసి చూడండి. వెనక సీటుకి బ్రహ్మాండమైన కవరు, ఆ కవరు కింద బెల్టు బకిల్స్ సమాధి :) మధ్యలో చాలా కార్లకి నడుం పట్టీ మాత్రమే ఉంటుంది. నడుం పట్టీతో బూస్టర్ వాడకూడదు, పై పట్టీ లేకపోతే వాడి తల మరింత ముందుకి విసురుగా పోతుంది. విమానంలో వాడకూడదన్నదీ అందుకే, అక్కడుండేది నడుం బెల్టేగా.

ఇదంతా చదివాక అక్కకి ఫోన్ చేశాను. స్టార్లు చూడొద్దని చెప్పాను. డాలస్‌లోనే వాణ్ణి బూస్టర్ మీద కూచోబెట్టి చూడమన్నాను. కింది పట్టీ తొడల మొదట్లో, కటి మీద ఆనుతోందా? పై పట్టీ మెడకీ భుజం చివరకీ మధ్యలో పోతోందా? బెజవాడ దాకా ఐదు గంటలు, వాడు నిద్రపోతాడు. పక్కకి ఒరిగిపోతే బెల్టు కూడా తప్పుతుంది. కాబట్టి వాడు నిటారుగా నిద్రపోలేకపోతే, వీపు ఉండి మడత పడే రకం చూడు, రెండు కిలోలు ఎక్కువైనా సరే, అన్నాను. చివరికి అక్క అదే కొంది. "మళ్ళీ మోత నాకేగా" అని సణిగింది కూడా.

నా వంతు పని నేను చేశాను. కారు మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా అని అడగలేదు. వెనక రెండు వైపులా మూడు బిందువుల బెల్టులు ఉన్నాయా, బకిల్స్ బయటకి తీసి ఉంచుతారా అని అడిగాను. మొదటి ఇద్దరూ నవ్వారు. మూడో ఆయన "మా పాపక్కూడా ఉంది సార్ సీటు" అన్నాడు. ఆయన్నే ఖాయం చేశాను.

మిగిలింది అమ్మ. సీటు సంగతి చెప్తే, "మేమందరం మిమ్మల్ని ఒళ్ళో పెట్టుకునే పెంచాం కదరా" అంటుందనుకున్నా. అనలేదు. బియ్యం బస్తాల లెక్క చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఐతే ఆ రోజు నా తప్పు కాదన్నమాట" అంది.

ఆ మాట కోసమే ఇంత చరిత్ర చదివానేమో అనిపించింది.