గండికోట చేతులు మారిన నాడు



మీలో చాలామంది పెళ్లి నగల కోసమో, బట్టల కోసమో ప్రొద్దుటూరు అంగళ్లకు వెళ్లి వచ్చినవాళ్లే. అటునుంచి అటే జమ్మలమడుగు మీదుగా గండికోట చూసి వచ్చినవాళ్లూ ఉంటారు. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకుని పారే ఆ లోయ అంచున నిలబడితే ఎంతటివారికైనా కళ్లు తిరుగుతాయి. కోట లోపల మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ఆ దగ్గరలోనే పెద్ద ధాన్యపు కొట్టు ఉన్నాయి. అందరూ గుడినీ మసీదునూ చూస్తే నా చూపు మాత్రం ఆ కొట్టు మీదకే పోయింది. శత్రువు వచ్చి చుట్టుముడితే లోపలివాళ్లు తినడానికి కదా అంత కొట్టు! ఇంట్లో ఆర్నెల్ల బియ్యం నిలవ చేసుకునే మనకు ఆ భయం కొంచెం అర్థమవుతుంది.

ఈ సీమ ఖర్మమేమిటంటే, ఇది రెండు పెద్ద రాజ్యాల నడుమ పడింది. ఒక పక్క హైదరాబాదు నిజాము, ఇంకో పక్క మైసూరు. 1780 ప్రాంతంలో హైదర్ అలీ కడప నవాబును ఓడించి ఈ నేలను మైసూరులో కలుపుకున్నాడు. తరువాత అతని కొడుకు టిప్పు మీద నిజామూ, మరాఠాలూ, ఇంగ్లీషు కంపెనీ ఏకమై యుద్ధం చేశారు. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సంధికి ఒప్పుకోక తప్పలేదు.

ఆ సంధి షరతులు వినండి. రాజ్యంలో సగం ఇచ్చెయ్యాలి. 3 కోట్ల 30 లక్షల రూపాయలు చెల్లించాలి. ఆ డబ్బు తీరేదాకా ఇద్దరు కొడుకులను కంపెనీ దగ్గర జామీనుగా ఉంచాలి. పిల్లల పేర్లు అబ్దుల్ ఖాలిక్, మొయిజుద్దీన్. ఇద్దరూ పసివాళ్లే. ఫిబ్రవరి 26న ఏనుగు అంబారీల మీద కూర్చోబెట్టి కారన్‌వాలిస్ ప్రభువు డేరాకు పంపారు. అక్కడినుంచి మద్రాసు చేర్చారు. ఈ ఘట్టాన్ని ఇంగ్లీషు చిత్రకారులు ఎన్నో బొమ్మలు వేశారు. చాలావాటిలో కారన్‌వాలిస్ దయగల తండ్రిలా చేతులు చాస్తూ కనబడతాడు. డబ్బు తీరాక, 1794లో పిల్లలు తండ్రి దగ్గరకు చేరారు. రెండేళ్లు! మన పిల్లవాడు సెలవులకు మేనమామ ఇంటికి వెళితేనే నాలుగో రోజుకు మనకు అన్నం సయించదు.

ఆ సంధిలోనే కడప, గండికోట నిజాము వాటాకు వచ్చాయి. మన ఊళ్లను ఎవరూ అడగలేదు. శాంతి అని సంతకాలు చేసుకున్నారు గాని, ఒక పక్షాన్ని అంతగా కుంగదీసిన సంధి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏడేళ్లు నిలిచింది. 1799 మే 4న టిప్పు తన కోటలోనే పోరాడుతూ చనిపోయాడు. నిజాముకు ఏం మిగిలింది? 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన నేలనంతా, కంపెనీ పటాలం ఖర్చు కింద 1800 అక్టోబరు 12న కంపెనీకే రాసి ఇచ్చాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చింది.

లెక్క వేసి చూడండి. 1778లో కడప దగ్గర ఏ ఊరికో కాపురానికి వచ్చిన కోడలు నలభై నిండకుండానే నవాబును, మైసూరును, నిజామును, కంపెనీని, నలుగురి ఏలుబడినీ చూసిందన్నమాట. ఏలిక మారిన ప్రతిసారీ శిస్తుకు కొత్తవాడు వస్తాడు. పాతవాడికి కట్టామంటే వినడు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. 1792లో శ్రీరంగపట్నం ముందున్న కంపెనీ సైన్యంలో థామస్ మన్రో అని ఒక చిన్న అధికారి ఉండేవాడు. టిప్పును పూర్తిగా తుడిచెయ్యకుండా సంధి చేసుకోవడం అతనికి నచ్చలేదు. ఇంత మెతకతనం పనికిరాదని తండ్రికి ఉత్తరంలో ఎగతాళి చేశాడు. అదే మనిషిని 1800లో దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా పంపారు. శాంతిని వెక్కిరించినవాడికే శాంతి నెలకొల్పే పని పడింది!

పని తేలికైనది కాదు. రాజులు కొట్లాడుకున్నన్నాళ్లూ ఊళ్లలో అసలు పెత్తనం పాలెగాళ్లది. పులివెందుల పక్కన వేములలో ఒకడు, జమ్మలమడుగుకు ఉత్తరాన నొస్సంలో ఒకడు, ఇలా మొత్తం 80 మంది, వాళ్ల వెనక 30 వేల దాకా ఆయుధాలు పట్టిన బంట్రోతులు. మన్రో కొందరిని సైన్యంతో అణిచాడు, కొందరిని ఖైదు చేశాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. మిగిలిన కాలమంతా డేరాల్లోనే గడిపాడు. కచ్చేరి చెట్టు కిందకి వచ్చింది. పొలం పొలం కొలిపించి, ఎవరి శిస్తు ఎంతో రైతు పేరనే రాయించాడు. ఏడేళ్లు అదే పని.

అలాగని మన్రోను దేవుణ్ణి చెయ్యనక్కరలేదు. అతను తెచ్చినది కంపెనీ శాంతి, ఆ శిస్తు కంపెనీ ఖజానాకే. అది బరువని అతనికీ తెలుసు. 1807లో వెళ్లిపోతూ నూటికి 25 వంతులు తగ్గించమని సిఫారసు చేశాడు. పైవాళ్లు వినలేదు. తరువాత 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక గాని అది జరగలేదు. ఇక పాలెగాళ్ల ఇళ్లలో రగిలిన అవమానం చల్లారనే లేదు. నొస్సం జయరామిరెడ్డి మనుమడు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, పింఛను తగాదాతోనే 1846లో కత్తి పట్టాడు. 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరి తీశారు. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలోదే.

అయినా ఈ సీమలో తల్లులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఒక దొర పేరు మన తల్లులు పెట్టుకోవడం సామాన్యమైన సంగతి కాదు. ఇంటి ముంగిట ఆయుధాలు లేని నాలుగేళ్లు చూసిన కృతజ్ఞత అనుకుంటాను.

పులివెందుల వైపు, వేంపల్లె దగ్గర గండి ఆంజనేయస్వామి గుడి ఉంది. పాపఘ్ని నది కొండలను చీల్చుకు వచ్చే చోటు. రాముడు వచ్చినప్పుడు వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని, అంత్యకాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే అది కనబడుతుందని చెబుతారు. 1827లో అటు వెళ్తూ మన్రో దాన్ని చూశాడట. ఆ ఏడు జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట మాత్రం నిజం.

గండికి వెళ్లినప్పుడు నేనూ తల ఎత్తి చాలాసేపు చూశాను. ఏమీ కనబడలేదంటే మా అత్తగారు, "కనబడనందుకు స్వామికి ఇంకో దండం పెట్టుకుని రా" అన్నారు.