గుండె రక్తనాళంలో పూడిక.. చిన్నదైనా ఎందుకు చిట్లుతుంది?

గుండె రక్తనాళాల్లో కొవ్వు పూడిక ఎక్కడ పడితే అక్కడ పేరుకోదు. నాళం చీలే చోట, వంపు తిరిగే చోట రక్తం మందగించి సుడులు తిరుగుతుంది. ఎక్కువగా అక్కడే పూడిక మొదలవుతుంది.

నాళం వ్యాసం సగానికి తగ్గితే, అంతే రక్తం వెళ్లడానికి ఆ ఇరుకులో వేగం 4 రెట్లు కావాలి. పైపు కొన నొక్కితే నీళ్లు చిమ్మినట్టన్నమాట! ఆ ఒరిపిడికి బీపీ తోడవుతుంది. పూడికపై పొర 65 మైక్రాన్ల కంటే పలచగా ఉంటే చిట్లే ముప్పు ఎక్కువ. చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది.. అదే హార్ట్ ఎటాక్.

సగం కూడా మూసుకోని పూడికైనా చిట్లొచ్చు. అందుకే ‘చిన్న బ్లాకే కదా’ అని డాక్టర్ రాసిన బీపీ, కొలెస్ట్రాల్ మందులు ఆపేయొద్దు. ఛాతీలో నొప్పి, చెమటలు పడితే వెంటనే 108కి కాల్ చేయండి.