భేది ఉప్పు ఇంజెక్షన్: గుర్రపువాతం మందు కథ

గుర్రపువాతం అనే మాట ఎప్పుడైనా విన్నారా? గర్భిణికి బీపీ బాగా పెరిగి ఫిట్స్ రావడాన్ని మన పెద్దవాళ్లు అలా అనేవాళ్లు. డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు. తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలూ తీయగల జబ్బు అది.

దానికి మందేంటో తెలుసా? మెగ్నీషియం సల్ఫేట్. అంటే మన భేది ఉప్పే! ఆగండాగండి, ఇంట్లో ఉన్నది కలుపుకుని తాగమని కాదు, అలా తాగితే ఫిట్స్ ఆగవు. నేను చెప్తున్నది ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్ గురించి.

20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో దీన్ని వాడి చూశారు. 1920ల్లో అమెరికా అందుకుంది. డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో జాక్ ప్రిచర్డ్ అనే డాక్టర్ దీనికో పద్ధతి ఏర్పరిచి, 1984లో 245 కేసుల లెక్క ప్రచురించాడు. అందులో చనిపోయిన తల్లి ఒక్కరే. అదీ పొరపాటున మందు ఎక్కువ ఎక్కడం వల్ల. డోసు మించితే ఊపిరి ఆగిపోతుంది మరి. అందుకే ఇప్పటికీ మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూస్తారు. కాలు ఎగరలేదంటే తర్వాతి డోసు ఆపేస్తారు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంచుకుంటారు.

ఇంత జరిగినా బ్రిటన్ డాక్టర్లు చాలామంది నమ్మలేదు. "ఇది అసలు ఫిట్స్ మందే కాదు కదా" అని డయాజిపామ్, ఫెనిటోయిన్ వాడుకుంటూ పోయారు. నిజానికి వాళ్ల అనుమానంలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే మందుల్ని పక్కపక్కన పెట్టి పెద్ద ఎత్తున ఎవరూ పోల్చలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. వాదించుకోవడానికి 70 ఏళ్లు దొరికాయి కానీ, పరీక్షించడానికి తీరిక దొరకలేదా?

చివరికి 1995లో తేలింది. ఎవరివల్ల? మన దేశంతో పాటు ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల ఆసుపత్రుల్లో చేరిన 1,687 మంది గర్భిణులు, బాలింతల వల్ల. లాటరీ తీసినట్టు కొందరికి ఈ మందు, కొందరికి ఆ మందు ఇచ్చారు. మెగ్నీషియం తీసుకున్నవాళ్లలో ఫిట్స్ మళ్లీ రావడం డయాజిపామ్‌తో పోలిస్తే 52 శాతం, ఫెనిటోయిన్‌తో పోలిస్తే 67 శాతం తక్కువ. దాంతో బ్రిటన్ కూడా దారి మార్చుకుంది.

మరి ఫిట్స్ రాకముందే ఇస్తే? 2002లో మాగ్‌పై అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి. 33 దేశాల్లో, బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతున్న 10,000 మందికి పైగా తల్లులు అందులో ఉన్నారు. ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది.

ఇంతా చేసి, ఈ ఉప్పు మెదడులో కచ్చితంగా ఏం చేసి ఫిట్స్ ఆపుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు.