టాన్సిల్స్

నోరు బాగా తెరిస్తే కొండనాలుకకు ఇరుపక్కలా కనిపించే గులాబీ రంగు కణజాలపు ముద్దలే టాన్సిల్స్. వీటిని గవదబిళ్ళలతో కలిపి చూడకూడదు. గవదలు చెవి దగ్గరి లాలాజల గ్రంథుల వాపు. టాన్సిల్స్ శోషరస కణజాలం, అంటే రోగనిరోధక వ్యవస్థలో భాగం.

ఒక్కో టాన్సిల్ అంగిలి నుంచి కిందికి దిగే రెండు కండరపు మడతల నడుమ గూటిలో ఒదిగి ఉంటుంది. గొంతువైపు ఉపరితలంపై 10 నుంచి 20 దాకా సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. అవి లోపల కొమ్మలుగా చీలే లోతైన గుంతల ముఖద్వారాలు. ఈ నిర్మాణమే టాన్సిల్ ప్రత్యేకత: చిన్న అవయవంలోనే ఎంతో ఉపరితలం ఏర్పడి, మింగే ఆహారంతో, పీల్చే గాలితో వచ్చే సూక్ష్మజీవులు రోగనిరోధక కణాలకు ఎదురుపడతాయి. గుంతల చుట్టూ బి-కణాల గుండ్రని గుంపులు, వాటి మధ్య టి-కణాలు ఉంటాయి. అవే గుంతల్లో ఆహారపు తునకలు, మృతకణాలు చేరి గట్టిపడితే దుర్వాసన వేసే రాళ్ళవుతాయి.

బయటివైపు పీచు తొడుగు, దాని వెనుక గొంతు కండరం ఉంటాయి. రక్తం ప్రధానంగా ముఖధమని శాఖ నుంచి అందుతుంది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే అంతర కెరోటిడ్ ధమని సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కనుక శస్త్రచికిత్సలో ఎంతో జాగ్రత్త అవసరం. తొమ్మిదో కపాల నాడి శాఖలు టాన్సిల్‌కూ మధ్యచెవికీ వెళ్తాయి. గొంతు నొప్పి చెవిలోనూ తెలిసేది అందుకే.

ముక్కు వెనుక ఎడినాయిడ్, నాలుక మొదట్లో నాలుక టాన్సిల్, చెవి గొట్టాల ముఖద్వారాల దగ్గరి కణజాలం వీటితో కలిసి వలయంగా ఏర్పడతాయి. జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త వాల్డేయర్ పేరుతో దాన్ని వాల్డేయర్ వలయం అంటారు.