గోడలపై వెలసిన సోనాఖాన్ వీరుడు

1857 డిసెంబర్ 10న సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను బ్రిటిష్ ప్రభుత్వం రాయపూర్‌లో ఉరితీసింది. బింఝ్వార్ గిరిజన తెగకు చెందిన ఆయన 1856 నాటి కరువులో వర్తకుని గాదెలు తెరిపించి, ఆకలితో అలమటించే ప్రజలకు ధాన్యం పంచిపెట్టారు. ఆ నేరానికి చెరసాల పాలై, మరుసటి ఏడాది తప్పించుకొని తిరుగుబాటు లేవదీశారు. ఆయన బలిదానం జరిగిన స్థలం నేటి జయస్తంభ్ చౌక్ అని నగరవాసుల విశ్వాసం.

శతాబ్దికి పైగా మరుగుపడిన ఆ స్మృతిని తిరిగి వెలుగులోనికి తేవడంలో గని కార్మికులది ప్రధాన పాత్ర. భిలాయి ఉక్కు కర్మాగారానికి ముడి ఇనుము అందించే దల్లీ-రాజహరాలో 1977లో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. అదే ఏడాది జూన్ 2, 3 తేదీల పోలీసు కాల్పులలో 11 మంది అసువులు బాశారు. శంకర్ గుహ నియోగి నాయకత్వాన ఆ సంఘం 1979 నుండి వీర్ నారాయణ్ సింగ్ సంస్మరణ దినాన్ని పాటించసాగింది. పోస్టర్లలో, గోడరాతలలో, ఊరేగింపు బ్యానర్లలో ఆ వీరుడు పునర్జన్మ పొందాడు.

అక్షరజ్ఞానం కొరవడిన శ్రామికులకు రంగులే భాష అయినాయి. సంఘం పతాకంలో ఎరుపు కార్మికునికి, ఆకుపచ్చ కర్షకునికి సంకేతం. గనిలో పలుగు పట్టిన కూలీలలో అనేకులు పల్లెలలో నాగలి పట్టిన కుటుంబాలవారే కనుక ఈ జోడింపు వారికి స్వానుభవమే. నాడు గాదె తెరిపించిన చేతికీ, నేడు న్యాయమైన కూలి కోరే చేతికీ గల బాంధవ్యాన్ని ఆ చిత్రాలు చాటాయి. 'నవా అంజోర్' కళాబృందం అదే భావాన్ని పాటలతో పల్లెపల్లెకూ చేర్చింది. కార్మికులు స్వయంగా నిర్మించుకొన్న షహీద్ ఆసుపత్రి 1983లో ప్రారంభమయింది.

1991 సెప్టెంబర్ 28న నియోగి భిలాయిలో హత్యకు గురికాగా, సోనాఖాన్ వీరుని సరసన ఆయన ముఖచిత్రమూ చేరింది.

ప్రభుత్వం 1987లో వీర్ నారాయణ్ సింగ్ స్మారక తపాలా బిళ్ల వెలువరించింది. 2000లో రాష్ట్రం ఏర్పడిన పిదప నయా రాయపూర్ క్రికెట్ మైదానానికి ఆయన పేరే పెట్టారు. అధికారిక సంస్మరణ డిసెంబర్ 10న జరుగుతుండగా, కార్మికులు డిసెంబర్ 19ని పాటిస్తూ వచ్చారు. తేదీలు వేరైనా, వానకు చెరిగిపోయే గోడచిత్రాలు చేసిన మేలు చిన్నది కాదు: ప్రభుత్వ గౌరవానికి ముందే ఆ వీరుణ్ణి అవి శ్రామికుల ముంగిటికి చేర్చాయి.