గుండె అదురుకు బొమ్మ దొరికిన దారి

శంషాబాద్‌లో విమానం దిగే గుండెలు కొన్ని ఉంటాయి, వాటికి చప్పుడుండదు. ఐస్ పెట్టెలో చల్లబడి, ఆగి, ఆరాంఘర్ మీదుగా హైదరాబాద్‌లోకి వస్తాయి. పోలీసులు ట్రాఫిక్ ఆపి గ్రీన్ ఛానల్ ఇస్తారు. తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో మళ్లీ కొట్టించాలి. అంతకుముందే, దాత ఛాతీలో ఉండగానే ఎకో తీసి, గుండె గోడలు ఎలా కదులుతున్నాయో చూసి ఉంటారు. ఆ చూపు దక్కడానికి చాలా కాలం పట్టింది.

అందులో ఒక అధ్యాయం ఈ ఊరిదే. క్లోరోఫాం మత్తు ప్రాణం తీసేటప్పుడు మొదట ఆపేది గుండెనా, ఊపిరినా? హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లో దీన్ని తేల్చడానికి కమిషన్ వేయించాడు. ఊపిరినే అన్నారు. ఇంగ్లండులో చాలామంది నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి, లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. 1889లో రెండో కమిషన్ జంతువుల రక్తపోటునూ ఊపిరినీ కాగితం మీద గీతలుగా గీయించి, అదే మాట చెప్పింది. 1911లో లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద చూపిందేమిటంటే, తేలికపాటి మత్తులోనే గుండె అదుపు తప్పి వణికి ఆగిపోవచ్చు. హైదరాబాద్ శ్రమ వృథా అని నేననను. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న హెచ్చరిక ప్రాణాలు నిలిపేదే. కానీ వాళ్ల చేతికి చిక్కింది గీత. గుండె కదలిక కాదు.

1895లో ఎక్స్-రే వచ్చి గుండె నీడను చూపింది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఓడల కర్మాగారంలో లోహపు పగుళ్లు వెతికే పరికరం అరువు తెచ్చుకుని, శబ్ద తరంగాలతో గుండె గోడల కదలికను పట్టారు. ఎకో అంటే ఇదే. నాకు ఈ చరిత్ర మొత్తంలో అత్యంత ఇష్టమైన ఘట్టం ఆ అరువే.

ఎడమ రొమ్ము కింద, ఐదో పక్కటెముకల సందులో చెయ్యి పెడితే ఆ కదలికే అదురుగా తెలుస్తుంది. గుండె ముడుచుకుంటూ, తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. దాని కొస ఛాతీ గోడను తడుతుంది. రొమ్ము ఎముక మీద మిగిలేది కంటికి ఆనని కంపనం. భూకంప శాస్త్రం పేరు పెట్టుకున్న సైస్మోకార్డియోగ్రఫీ దాన్ని కొలుస్తుంది. 1991లో సాలెర్నో, జానెట్టి అనే పరిశోధకులు దీనికి కొత్త ఊపు తెచ్చారు. గీతలో శిఖరాలు కనిపించాయి సరే, ఏది దేని గుర్తు? హైదరాబాద్‌లో ఎదురైన చిక్కే ఇది. ఈసారి పక్కన ఎకో ఉంది. 1994లో రెండూ కలిపి తీసి, ఇది ఒక కవాటం మూసుకున్న క్షణం, ఇది బృహద్ధమని కవాటం తెరుచుకున్న క్షణం అని జతపరిచారు. కదిలే ఎంఆర్ఐ బొమ్మలు ఆ మెలికను కూడా చూపుతున్నాయి.

ఐస్ పెట్టెలో వచ్చిన గుండె కొత్త ఛాతీలో మళ్లీ కొట్టుకోగానే, ఆపరేషన్ థియేటర్లో అన్నవాహిక గుండా దించిన ఎకో గొట్టంతో వైద్యులు చూసేది, ఆ గోడలు కదులుతున్నాయా అనే.