గూగుల్‌లో నంబర్ వన్ చేస్తామంటూ ఫోన్లు.. ఎస్‌ఈఓకి డబ్బులు కట్టాలా? వద్దా?

“సార్, మీ వెబ్‌సైట్‌ని గూగుల్‌లో నంబర్ వన్‌కి తెస్తాం.. నెలకు 15 వేలు కడితే చాలు!” కొత్తగా క్లినిక్కో, కోచింగ్ సెంటరో పెట్టి, దానికో వెబ్‌సైట్ చేయించుకున్నవాళ్లకు ఇలాంటి కాల్స్ మామూలే. వాళ్లు అమ్మేది సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్.. అంటే ఎస్‌ఈఓ. జనం గూగుల్‌లో వెతికినప్పుడు మీ సైట్ పైన కనిపించేలా చేసే పని. ఇందులో మోసం చేసేవాళ్లూ ఉన్నారు, నిజంగా పని చేసిపెట్టేవాళ్లూ ఉన్నారు. మరి డబ్బులు పెట్టాలా వద్దా? ఒక్క ముక్కలో చెప్పాలంటే.. కొందరికి కచ్చితంగా లాభమే, చాలామంది చిన్న వ్యాపారులకు మాత్రం ముందు ఫ్రీగా చేసుకోవాల్సిన పనే బోలెడంత ఉంది.

ర్యాంక్ అమ్మకానికి లేదు!

గూగుల్‌లో ఏదైనా వెతికితే ‘స్పాన్సర్డ్’ అని రాసి ఉండేవి యాడ్స్. వాటికి గూగుల్ డబ్బులు తీసుకుంటుంది. మిగతా మామూలు ఫలితాల్లో చోటు కోసం మాత్రం రూపాయి కూడా తీసుకోదు. యాడ్స్‌కి లక్షలు పోసినా మామూలు ఫలితాల్లో ర్యాంక్ పెరగదు. నంబర్ వన్ ర్యాంక్‌కి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని, గూగుల్‌తో తమకు స్పెషల్ సంబంధాలున్నాయని చెప్పేవాళ్లను నమ్మొద్దని ఆ కంపెనీ తన గైడ్‌లోనే రాసింది. కాబట్టి ఫోన్‌లో ‘గ్యారంటీ’ అన్న మాట వినపడితే అక్కడితో కాల్ కట్ చేసేయొచ్చు.

మరి కొందరు నిజంగానే నంబర్ వన్ చూపిస్తున్నారు కదా? అదెలాగంటే.. ఎవరూ వెతకని పదాన్ని ఎంచుకుంటారు. ‘తెనాలిలో సరసమైన ధరకు ఇంప్లాంట్లు పెట్టే ఉత్తమ దంత వైద్యశాల’ అని ఎవరు టైప్ చేస్తారు చెప్పండి? పోటీయే లేని పదానికి ఫస్ట్ రావడం పెద్ద కష్టమేం కాదు. పైగా ఫలితాలు మీరున్న చోటును బట్టి కూడా మారుతుంటాయి. మీ షాపులో కూర్చుని మీ ఫోన్‌లో చూస్తే కనిపించిన ర్యాంక్, పది కిలోమీటర్ల అవతల ఉన్న కస్టమర్‌కి కనిపించాలని రూలేం లేదు.

ముందు ఫ్రీగా దొరికేవి..

టిఫిన్ సెంటర్, కిరాణా, సెలూన్, మెడికల్ షాప్.. వీళ్ల కస్టమర్ ‘దగ్గర్లో ఏముంది’ అని మ్యాప్‌లో వెతుకుతాడు. దానికి కావాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇది పూర్తిగా ఉచితం, వెరిఫికేషన్‌తో సహా. డబ్బులు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తామని ఎవరైనా బెదిరిస్తే అది మోసమే. మ్యాప్‌లో ఎవర్ని ముందు చూపించాలో గూగుల్ ప్రధానంగా మూడు విషయాలతో తేలుస్తుంది.. వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. దూరాన్ని ఏ ఏజెన్సీ తగ్గించలేదు! సరైన కేటగిరీ, పని వేళలు, ఎత్తే ఫోన్ నంబర్, షాపు ఫొటోలు మీరే పెట్టుకోవచ్చు. రివ్యూలు మాత్రం కొనొద్దు. అది రూల్స్‌కి విరుద్ధం, దొరికితే తీసేస్తారు.

సొంత సైట్ ఉంటే సెర్చ్ కన్సోల్ అనే ఇంకో టూల్ ఉంది. అదీ ఉచితమే. జనం ఏ మాటలు టైప్ చేస్తే మీ సైట్ కనిపించింది, ఎంతమంది నొక్కారు.. అన్నీ అందులో ఉంటాయి. కొన్నిసార్లు సైట్ తయారయ్యేటప్పుడు డెవలపర్ ‘గూగుల్‌లో చూపించొద్దు’ అనే సెట్టింగ్ పెట్టి, తర్వాత తీయడం మర్చిపోతాడు. దాంతో సైటే కనిపించదు. సెర్చ్ కన్సోల్‌లో చూస్తే ఆ సంగతి బయటపడుతుంది, సరిచేయడం నిమిషాల పని. అలాంటిదానికి నెలనెలా ఫీజు ఎందుకు?

లెక్క వేసుకుంటే..

నెలకు 15 వేలు అనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 17,700. ఆరు నెలలకు 1,06,200 రూపాయలు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి పార్శిల్ చేసేవాళ్లకు ఆర్డర్‌కి 300 మిగులుతుందనుకుంటే, ఆ ఫీజు రావడానికే నెలకు 59 కొత్త ఆర్డర్లు కావాలి. అదే పళ్ల డాక్టర్‌కి ఒక్కో ఇంప్లాంట్ మీద 10 వేలు మిగిలితే ఇద్దరు పేషెంట్లు చాలు. తేడా ఇక్కడే ఉంది. ఒక్కో కస్టమర్ మీద మిగిలేది ఎక్కువై, జనం గూగుల్‌లో వెతికి మరీ కొనే రకం సరుకో సర్వీసో అయితే ఎస్‌ఈఓ గిట్టుబాటు అవుతుంది. ఇంప్లాంట్లు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, ఇల్లు మారేటప్పుడు పిలిచే ప్యాకర్స్.. ఈ బాపతు. పచ్చళ్లవాళ్లు కూడా అమెరికాలో ఉండే మనవాళ్లకు పెద్ద పార్శిళ్లు పంపిస్తుంటే లెక్క మారుతుంది.

ఫలితం కూడా రేపే రాదు. మార్పులు చేశాక లాభం కనిపించడానికి మామూలుగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ చెబుతోంది. వచ్చే పండగ సీజన్‌కే అమ్మకాలు కావాలంటే ఆ డబ్బు యాడ్స్‌లో పెట్టడమే నయం. ఇంకో విషయం.. 2024 ఆగస్టులో గూగుల్ మన దేశంలో ఏఐ ఓవర్‌వ్యూస్ తెచ్చింది. ప్రశ్న అడగ్గానే జవాబు పైనే వచ్చేస్తోంది. ‘పంటి నొప్పి ఎందుకొస్తుంది’ లాంటి ఆర్టికల్స్ నెలకు ఇరవై రాసిస్తామనే ప్యాకేజీలకు ఇప్పుడు అంత విలువ లేదు. జవాబు అక్కడే చదివేసినవాడు మీ సైట్ దాకా ఎందుకొస్తాడు?

అడ్డదారి తొక్కితే పెద్ద కంపెనీలకూ తప్పలేదు

2006లో బీఎండబ్ల్యూ జర్మనీ సైట్‌నే గూగుల్ తన ఫలితాల్లోంచి తీసేసింది. సెర్చ్ ఇంజిన్‌కి ఒకటి, జనానికి ఇంకోటి చూపించే పేజీలు పెట్టడమే కారణం. 2011లో అమెరికా స్టోర్ల కంపెనీ జేసీ పెన్నీ వంతు వచ్చింది. ఆ కంపెనీ సైట్‌కి వేరే సైట్ల నుంచి డబ్బులిచ్చి పెట్టించిన లింకుల సంగతిని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకోవడంతో పైన ఉన్న ర్యాంకులు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ లింకుల సంగతి తమకు తెలియదన్న కంపెనీ, తన ఎస్‌ఈఓ సంస్థను తీసేసింది. ఇప్పటికీ ‘నెలకు 500 బ్యాక్‌లింకులు’ అని అమ్మేవాళ్లున్నారు. అది అదే సరుకు. దెబ్బ తగిలేది మాత్రం మీ సైట్‌కే.

ఇవ్వాలనుకుంటే ఇలా ఇవ్వండి

ముందు ఒక్కసారి ఆడిట్‌కి మాత్రమే డబ్బులివ్వండి. సైట్ ఎక్కడ స్లో అవుతోంది, ఏ పేజీలు గూగుల్‌కి అందడం లేదు, ఏ సర్వీస్‌కి అసలు పేజీయే లేదు.. రాతపూర్వకంగా అడగండి. ఆ రిపోర్ట్ మీకు అర్థమయ్యేలా ఉంటేనే నెలవారీ కాంట్రాక్ట్ సంగతి ఆలోచించండి.

డొమైన్, హోస్టింగ్, బిజినెస్ ప్రొఫైల్, సెర్చ్ కన్సోల్.. అన్నీ మీ మెయిల్ ఐడీ మీదే ఉండాలి. ఏజెన్సీకి మేనేజర్‌గానో యూజర్‌గానో యాక్సెస్ ఇస్తే చాలు, ఓనర్ మీరే. డొమైన్ వాళ్ల పేరు మీద ఉండిపోతే, గొడవ వచ్చిన రోజు మీ షాపు బోర్డు పక్కింటాయన చేతిలో ఉన్నట్టే.

ఇక నెలాఖరున వచ్చే రిపోర్ట్‌లో ఒక్కటి గమనించండి. ‘క్లిక్స్ డబుల్ అయ్యాయి సార్’ అంటారు. సెర్చ్ కన్సోల్ తెరిచి, మీ షాపు పేరుతో వెతికినవాళ్లను తీసేసి చూడమనండి. మీ పేరు టైప్ చేసి వచ్చినవాళ్లు మిమ్మల్ని ముందే ఎరిగినవాళ్లు.. బోర్డు చూసో, ఎవరో చెబితేనో వచ్చారు. పేరు తెలియకుండా, సర్వీస్ కోసం వెతికి మీ దగ్గరికొచ్చినవాళ్లే ఎస్‌ఈఓ తెచ్చిన కస్టమర్లు. ఫోన్ చేసిన ప్రతి కొత్త కస్టమర్‌నీ ‘మా గురించి ఎలా తెలిసిందండీ’ అని అడిగి ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆరు నెలల తర్వాత కాంట్రాక్ట్ రెన్యూవల్‌కి వాళ్లొచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ టేబుల్ మీద పెట్టి మాట్లాడొచ్చు.